రేకు గోడ ఆయువు: లోహపు పూత ఎంపిక - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
గోడలకు తొడిగే రేకుకు ఏ లోహాన్ని ఎంచుకోవాలన్న ప్రశ్నకు సుమారు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. వట్టి ఇనుము నుంచి తుత్తునాగపు పూతకు, అక్కడి నుంచి అల్యూమినియం - తుత్తునాగ మిశ్రమానికి సాగిన మార్పును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అన్ని చోట్లకూ మేలైన లోహం లేదని, రేకు ఆయువును అది నిలిచే చోటి గాలి నిర్ణయిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: రేకు, తుత్తునాగం, రోల్ ఫార్మింగ్, తుప్పు, సముద్రతీరం.

1. ఉపోద్ఘాతం

'రేకు' అనే మాట తెలుగులో పువ్వుకూ లోహానికీ ఉమ్మడి. తామర రేకు, రాగి రేకు, షెడ్డు రేకు - ఈ మూడింటికీ పలుచదనమే సామాన్యధర్మం. తాళ్లపాక కవుల సంకీర్తనలు రాగిరేకులకెక్కి తిరుమల సంకీర్తన భాండారంలో నిలవడం వల్లనే మనకు దక్కాయి. అవే ఇనుపరేకులై ఉంటే ఎన్ని అక్షరాలు మిగిలేవో ఊహించవచ్చు. పలుచని లోహం ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న అక్షరానికీ గోడకూ సమానమే.

నేటి కర్మాగారాల, గిడ్డంగుల గోడలకు వాడే రేకు కాయిల్ నుంచి పుడుతుంది. చుట్టగా వచ్చిన ఉక్కుపట్టీని వరుసగా అమర్చిన రోలర్ల జతల మధ్య నడిపి, ఒక్కో జత వద్ద కొద్దికొద్దిగా వంచి, కోరిన ఆకృతికి తెచ్చే పద్ధతి రోల్ ఫార్మింగ్. సాధారణంగా పూత కాయిల్ దశలోనే పూర్తవుతుంది. అందువల్ల కాయిల్ ఎంపికలో జరిగిన పొరపాటును ఆ తర్వాతి పనితనం ఏదీ సరిదిద్దలేదు.

2. ఇనుముకు తుత్తునాగపు తొడుగు

లండన్ డాక్ సంస్థలో ఇంజనీరైన హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లో ముడతల ఇనుపరేకుకు పేటెంటు పొందాడు. పలుచని రేకును అలలుగా వంచితే, మందం పెంచకుండానే దానికి బిగువు వస్తుంది. నేటి గోడరేకు ఆకృతికీ ఇదే సూత్రం ఆధారం. అయితే బిగువు సమస్య తీరినా తుప్పు సమస్య తీరలేదు.

దీని పరిష్కారానికి బీజం అంతకు ముందే పడింది. కరిగిన తుత్తునాగంలో ఇనుమును ముంచే పద్ధతిని 1742లో ఫ్రాన్సులో మలువాన్ వివరించాడు. 1837లో స్టానిస్లాస్ సోరెల్ దానికి పేటెంటు పొందాడు. ఇప్పుడు మనం జింక్ అనే లోహమే తుత్తునాగం. ఈ పూత రెండు విధాలుగా పనిచేస్తుంది. మొదట అది నీటికి అడ్డుగా నిలుస్తుంది. గీత పడి ఇనుము బయటపడినప్పుడు తానే ముందుగా క్షయించి ఇనుమును కాపాడుతుంది. కోసిన అంచుల వద్ద పూత ఉండదు కనుక గోడరేకుకు ఈ రెండో గుణం ప్రాణాధారం.

1930లలో టాడియూజ్ సెంజిమిర్ అభివృద్ధి చేసిన అవిచ్ఛిన్న పద్ధతితో, విడి రేకులకు బదులు పొడవైన పట్టీకే ఎడతెగకుండా పూత వేయడం సాధ్యమైంది. నేటి పూత కాయిల్‌కు మూలం అదే.

3. మిశ్రమపు పూత - అంకెల అర్థం

అమెరికాలోని బెత్లెహేమ్ స్టీల్ సంస్థ 1972లో ఒక కొత్త పూతను విపణిలోకి తెచ్చింది. బరువులో 55 శాతం అల్యూమినియం, 43.4 శాతం తుత్తునాగం, 1.6 శాతం సిలికాన్ కలిసిన ఈ పూతే గాల్వాల్యూమ్. అల్యూమినియం నెమ్మదిగా క్షయించే పొరనిస్తే, తుత్తునాగం అంచులను కాస్తుంది.

ఇక్కడ కొనుగోలుదారు తడబడే చోటొకటి ఉంది. జి.ఐ. రేకుకు 'జెడ్ 275' అని, మిశ్రమపు రేకుకు 'ఎ.జెడ్. 150' అని గుర్తులుంటాయి. చదరపు మీటరు రేకుకు రెండు వైపులా కలిపి ఉండే పూత బరువును ఆ అంకెలు గ్రాముల్లో తెలుపుతాయి. 275 పెద్దది కనుక ఆ పూతే మందమని తోస్తుంది. కాని మిశ్రమం తేలిక కావడంతో రెండూ ఒక్కో వైపు ఇంచుమించు 20 మైక్రాన్ల మందమే ఉంటాయి.

మిశ్రమపు పూతకూ పరిమితులున్నాయి. తడి కాంక్రీటు క్షారం అల్యూమినియాన్ని తింటుంది. కోళ్లఫారాల్లో పుట్టే అమ్మోనియా కూడా దానికి ప్రతికూలమే. తెలుగునాట కోళ్ల పెంపకం విస్తారంగా సాగుతున్నందున ఈ అంశం గమనార్హం.

4. చోటును మరచిన ఎంపిక

అమెరికాలో 1930ల నుంచి కోర్‌టెన్ అనే ఉక్కు వాడుకలోకి వచ్చింది. పైపొర తుప్పు గట్టిపడి లోపలి లోహాన్ని కాపాడుతుందన్నది దాని సూత్రం. అయితే ఆ పొర గట్టిపడాలంటే రేకు తడిసి మళ్లీ బాగా ఆరాలి. 1972లో అట్లాంటాలో తెరిచిన ఆమ్నీ క్రీడామందిరానికి ఈ ఉక్కునే తొడిగారు. అక్కడి తేమలో తుప్పు ఆగలేదు, గోడలకు చిల్లులు పడ్డాయి. 1997లో ఆ కట్టడాన్ని కూల్చివేశారు. 1975లో హవాయిలో తెరిచిన అలోహా స్టేడియంలోనూ ఇదే ఉక్కు ఉప్పుగాలికి తట్టుకోలేక దశాబ్దాల పాటు మరమ్మతుల భారాన్ని మిగిల్చింది. లోహపు గుణం చెప్పిన మాట అబద్ధం కాదు. ఆ మాట ఏ గాలికి చెల్లుతుందో చూడకపోవడమే లోపం.

5. మన తీరం, మన గోడ

గాలి లోహాన్ని తినే వేగాన్నిబట్టి అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 9223 ప్రదేశాలను వర్గీకరించింది. తక్కువ తాకిడి గల సి2 వర్గంలో తుత్తునాగం తొలి ఏడాది 0.7 మైక్రాను మించి పోదు. తీవ్రమైన సి5 వర్గంలో 4.2 నుంచి 8.4 మైక్రాన్ల వరకు పోతుంది. అదే వేగం కొనసాగిందనుకుంటే, 20 మైక్రాన్ల పూత మొదటి చోట పాతికేళ్లకు పైగా నిలుస్తుంది. రెండో చోట ఐదేళ్లు కూడా నిలవదు. తెలంగాణ పల్లెలోని గిడ్డంగికి సరిపోయిన కాయిల్ విశాఖ, కాకినాడ తీరాల్లో అలలకు దగ్గరగా నిలిచే గోడకు సరిపోతుందని చెప్పలేం.

గోడకు మరో చిక్కు ఉంది. పైకప్పు మీద చేరిన ఉప్పును వాన కడుగుతుంది. చూరు కింది గోడభాగాన్ని వాన తాకదు, ఉప్పు అక్కడే పేరుకుంటుంది. అందుచేత కప్పు బాగుండగానే గోడ పాడు కావచ్చు. తీవ్రమైన తీరగాలిలో అల్యూమినియం రేకు మేలు. అయితే అది ఉక్కుకన్నా మెత్తన, ఎండకు ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. బిగింపులో ఆ సాగుదలకు చోటివ్వాలి.

6. ముగింపు

రేకు కొనేటప్పుడు మనం సాధారణంగా గేజి, రంగు, ధర అడుగుతాం. గేజి బలాన్ని చెబుతుంది, ఆయువును చెప్పదు. పూత ఏమిటి, చదరపు మీటరుకు ఎంత, గోడ నిలిచే గాలి ఎలాంటిది అన్న మూడు ప్రశ్నలను రెండు శతాబ్దాల అనుభవం మన ముందుంచుతున్నది. ఎంపిక చేసేవారు ఒకరు, ఆ గోడల మధ్య పనిచేసేవారు మరొకరు. పొరపాటు జరిగితే దాని ఫలితాన్ని ముందుగా అనుభవించేది రెండోవారే. కనుక ఈ ప్రశ్నలను కాయిల్ యంత్రానికెక్కక ముందే అడగాలి.