మండువా లోగిలి నుంచి మెరిసే రాతిగచ్చు దాకా: చీమకుర్తి ప్రాంతపు గృహచరిత్రపై ఒక పరిశీలన

పాత ఇంటిని ఆధునిక సౌఖ్యాలకు అనువుగా మార్చడం గృహాలంకరణకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఏ భాగాన్ని చరిత్రగా నిలుపుకోవాలి, దేనిని పాతసరకుగా తొలగించాలి అన్న నిర్ణయం అందులో ఇమిడి ఉంటుంది. ఒంగోలుకు పడమట ఉన్న చీమకుర్తి ఈ చర్చకు తగిన స్థలం. నల్లని తలంపై బంగారు చుక్కలు మెరిసే ‘బ్లాక్ గెలాక్సీ’ రాయి ఇక్కడి క్వారీలదే. వ్యాపారంలో గ్రానైట్ అన్నా, అది గాబ్రో వర్గానికి చెందిన శిల. దాని మెరుపు బ్రాంజైట్ ఖనిజం వల్ల కలిగినది. విదేశీ భవనాలకు హోదాచిహ్నంగా వెళ్లిన ఈ రాయే స్వదేశంలో పాత ఇళ్ల నవీకరణకూ కొలమానమైంది.

కోస్తాంధ్ర మండువా లోగిలికి నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ వసారాలు, కొయ్య స్తంభాలు, పెంకుల వాలుకప్పు ప్రధాన లక్షణాలు. వెలుతురు, గాలి మండువా నుంచే లోపలికి వస్తాయి. గానుగ సున్నపు గోడ తేమను పీల్చి మళ్లీ విడిచిపెడుతుంది. దానిపై సిమెంటు పూత పూసి, నునుపురాతి పలకలు అతికిస్తే తేమ లోపలే నిలిచి గోడ పైభాగానికి పాకుతుంది. లవణాలు పేరుకొని పూత రాలుతుంది. శీతల యంత్రాల కోసం మండువాను మూసివేస్తే గాలి ప్రసారం ఆగిపోతుంది. కనుక మారేది ఇంటి రూపం ఒక్కటే కాదు, దాని పనితీరు కూడా.

ఇందుకు భిన్నమైన మార్గాన్ని హైదరాబాదులోని ఫలక్‌నుమా చూపుతుంది. పైగా వంశీయుడైన వికారుల్ ఉమ్రా తన నివాసంగా 1884లో నిర్మాణం ప్రారంభించిన ఈ భవనం తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వశమైంది. దీర్ఘకాలం నిరుపయోగంగా ఉండి, సుమారు దశాబ్దం సాగిన పునరుద్ధరణ అనంతరం 2010లో తాజ్ హోటలుగా తెరుచుకుంది. కొత్త వసతులు చేరినా గ్రంథాలయం, భోజనశాల తమ స్వరూపాన్ని కోల్పోలేదు. అయితే ఆ వ్యయాన్ని హోటలు ఆదాయం భరించగలదు; పొగాకు, మిరప పంటలపై ఆధారపడిన కుటుంబం భరించలేదు.

చట్టరక్షణ కూడా సమానం కాదు. 2019లో ఎర్రమంజిల్ కూల్చివేత నిర్ణయాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేయడానికి ఆ భవనానికి ఉన్న వారసత్వ గుర్తింపు ఆధారమైంది. గ్రామాలలోని లోగిళ్లు సాధారణంగా అటువంటి జాబితాలకు ఎక్కవు. వాటి భవిష్యత్తు యజమాని అభిరుచిపై, తాపీమేస్త్రి సలహాపై ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ తెలుగు పరిశోధకులకూ బాధ్యత ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశాల పరంపరలో బూదరాజు రాధాకృష్ణ వాస్తు పదాలను సంకలనం చేశారు. వసారా, దూలం, వాసం, గూడు వంటి పదాలకు ఆధారమైన వస్తువులు కనుమరుగైతే నిఘంటువులో అర్థం మిగిలినా అనుభవం మిగలదు. మార్పును ఆపడం సాధ్యం కాకపోవచ్చు, ఇంట్లో నివసించేవారి సౌకర్యం దృష్ట్యా అది న్యాయమూ కాదు. కాని సుత్తి పడకముందే ఇంటిని కొలిచి, చిత్రించి, దాని భాగాల పేర్లను ఇంటివారి నోట, మేస్త్రీల నోట నమోదు చేయడం సాధ్యమే. ఆ పని జరిగితే నల్లరాతి గచ్చు కింద సున్నపు గచ్చు చరిత్ర పూర్తిగా సమాధి కాదు.