పురానీ హవేలీలో బీరువాల సాల

మన పల్లెలలో గడీని చూడబోయినవారు ఎత్తయిన దర్వాజాను, నడిమి భవంతిని, దొర కొలువుదీరిన కచేరీని చూచి తిరిగివస్తారు. వెనుకనున్న వడ్లకొట్లను, వంటసాలను, పశువుల కొట్టాలను పట్టించుకొనేవారు అరుదు. కాని ఆ ఇల్లు నడిచినది ఆ వెనుక భాగము వలననే. ఇంగ్లండులోని ప్రభువుల పల్లెభవనాలకు సైతము ఇట్టి పనివారి భాగము వేరుగా ఉండేది. పనివారు యజమానుల కంటబడకుండ తిరుగుటకు వేరు మెట్లు, వేరు నడవలు కట్టించేవారు. ఆ భాగాలలో అనేకము నేడు ఫలహారశాలలుగా, నివాసాలుగా మారినవి. అట్టి మార్పు పొందిన కట్టడము మన హైదరాబాదులోను ఒకటి ఉన్నది. దానిని గురించి ఈనాడు కొంత ముచ్చటించుకొందాము.

పాతనగరములో మీరాలం మండీ దాపున పురానీ హవేలీ ఉన్నది. 1762 నుండి 1803 వరకు పాలించిన రెండవ నిజాము నిజాం అలీఖాన్, తన కుమారుడు సికందర్ జా నివాసము కొరకు దీనిని ఏర్పరచినాడు. తరువాత సికందర్ జా ఖిల్వత్ మహలుకు తరలిపోయినాడు. విడిచిన ఇల్లు కనుక దీనికి ‘పాత హవేలీ’ అన్న పేరే స్థిరపడినది. నడుమ అడ్డముగా ఐరోపా పద్ధతి నివాసభవనము, దానికి ఇరుప్రక్కల సమాంతరముగా సాగిన రెండు పొడవైన వరుసలు: ఇదీ దీని కూర్పు.

ఆ వరుసలలో ఒకదానిని, 1869 నుండి 1911 వరకు రాజ్యమేలిన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దుస్తులకే కేటాయించినారు. ఈ కొననుండి ఆ కొనదాక టేకు బీరువాలే. అవి రెండు అంతస్తులలో బారులు తీరినవి. పై అంతస్తుకు బట్టలు చేరవేయుటకు చేతితో త్రిప్పెడి కొయ్య లిఫ్టు ఒకటి అమర్చినారు. ఒకసారి తొడిగిన దుస్తును ఆ ప్రభువు మరల తొడుగలేదని ప్రతీతి. ప్రతీతి మాట ఎట్లున్నను, బీరువాల బారు మాత్రము కంటికి ఎదుట నిలిచి ఉన్నది.

దానిని చూచినప్పుడు మనము ఒక ప్రశ్న వేసికొనవలెను. లిఫ్టు దానంతట అది తిరుగదు. దానిని త్రిప్పిన చేతులు ఎవరివి? అన్ని బట్టలను మడిచి, ఎండబెట్టి, పురుగు పట్టకుండ కాపాడి, అడిగిన వెంటనే తెచ్చి ఇచ్చినవారు ఎవరు? వారి పేర్లు గోడలమీద చెక్కలేదు. అయినను ఆ సాల పొడుగు, ఆ అరల లెక్క వారి శ్రమకు కొలత. దర్బారు మందిరము ప్రభువు వైభవమును చెబుతుంది. ఈ సాల ఆ వైభవమునకు ఎంతమంది పని అవసరమైనదో చెబుతుంది.

2000 సంవత్సరములో హవేలీలో నిజాము మ్యూజియము తెరిచినారు. బీరువాల సాల అందులో భాగమైనది. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ పాలన రజతోత్సవము 1937లో జరిగినప్పుడు వచ్చిన కానుకలు, వెండితో చేసిన భవనాల నమూనాలు, ఆ ఉత్సవమునాటి బంగరుపూత సింహాసనము అక్కడ చూడవచ్చును. సామగ్రి దాచిన సాల తానే ప్రదర్శనవస్తువైనది. బీరువాలు పెరికివేసి ఉంటే మిగిలేది ఒక పొడుగాటి గది మాత్రమే. ఉన్నచోటనే ఉంచినందువలన కట్టడము, దాని పని రెండును నిలిచినవి.

మన గడీలకు ఇట్టి భాగ్యము అరుదు. దోమకొండ కోటను ఉద్ధరించినందుకు 2022లో యునెస్కో పురస్కారము లభించినది. తక్కినవి అనేకము కూలినవి, కూలుతున్నవి. అందుకు జనము మనసులోని కోపము కూడ ఒక కారణము; అది అకారణము కాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొరల మనుషుల తుపాకికి బలియైన సంగతి జనగామ ప్రాంతమువారు మరువలేరు. కాని గడీ వెనుకనున్న వడ్లకొట్టు దొర జ్ఞాపకము మాత్రమే కాదు. అందులో వడ్లు మోసి పోసిన వెట్టివారి జ్ఞాపకము కూడ. కచేరీని నిలిపి కొట్టును కూలనిచ్చితిమా, దొర చరిత్ర మిగులుతుంది, మన తాతలది మిగులదు.

కనుక మీ ఊరిలో పాత గడీ ఉన్నచో ఒకసారి వెనుక వాకిలి నుండి లోనికి వెళ్లి చూడుడు. గడపరాయి ఎచ్చట ఎక్కువ అరిగినదో గమనించుడు. ఆ ఇంటి చరిత్రను అక్కడినుండి చదువుట మొదలుపెట్టవచ్చును.