డేరాలో ఇద్దరు, పొదల్లో ఇద్దరు

మన బొబ్బిలి యుద్ధ స్తంభం దగ్గర ఏ పిల్లాణ్ణి నిలబెట్టి అడిగినా, విజయనగరం రాజు విజయరామరాజును చంపిందెవరో తడుముకోకుండా చెబుతాడు: బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు. ఒక్కడే. 1964లో ఎస్వీ రంగారావు, 1986లో కృష్ణంరాజు ఆ ఒక్కడికి తెర మీద కట్టిన రూపం ఇక చెరిగేది కాదు. పాపారాయుడి మీద నాకున్న గౌరవం ఎవరికీ తీసిపోదు. కానీ ఆ పని ఒంటరిగా చేశాడన్న మాటకు మాత్రం పాత సాక్ష్యం అడ్డం నిలుస్తోంది.

ఆ సాక్ష్యం ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్‌ది. 1757 జనవరిలో విజయరామరాజు పక్షాన వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు కోట కూలి, బొబ్బిలి రాజు రంగారావు నేలకొరిగాక, ఆయన సైనికులు నలుగురు కోటలోనే ఓ మూల నక్కారట. రాత్రి గోడ దిగి, భాష ఒకటే కావడంతో విజయనగరం దండులోంచి అనుమానం రాకుండా దాటి, పొదల్లో రెండు రోజులు కాచుకున్నారట. ఆ తర్వాత ఇద్దరు డేరా వెనక నుంచి పాకి లోపలికి దూరి, నిద్రలో ఉన్న విజయరామరాజును పొడిచారు. ఒంటి మీద 32 గాయాలు. ఇద్దరూ అక్కడే కాపలావాళ్ల చేతుల్లో పోయారు. వాళ్లు విఫలమైతే అదే పని పూర్తిచేస్తామని మిగతా ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. ఓర్మ్ ఒక్క పేరూ చెప్పలేదు, లెక్క మాత్రం చెప్పాడు.

ఓర్మ్ అప్పుడు మద్రాసులో ఉన్నాడు, విన్నదే రాశాడు కదా అంటారు. నిజమే. అయితే ఏం విన్నాడో చూడండి. గాయాల లెక్క దండులో ఎవరైనా చెప్పగలరు. కోటలో నక్కడం, గోడ దిగడం, పొదల్లో గడిపిన రెండు రోజులు, ఆ ఒట్టు: ఇవి చచ్చినవాళ్లు చెప్పేవి కావు, కాపలావాళ్లు చూసినవీ కావు. పొదల్లో మిగిలిన ఇద్దరి నోటి నుంచి వచ్చి ఉండాలి. పుకారే అయితే, కాపలా లోపం కప్పుకోవడానికి దండువాళ్లు శత్రువుల లెక్క పెంచేవాళ్లు, ఇద్దరికి కుదించరు.

రాజాం వాళ్ల అభ్యంతరం వేరు. యుద్ధం నాడు పాపారాయుడు రాజాంలో ఉన్నాడు, ఆలస్యంగా వచ్చాడు, కాబట్టి కోటలో నక్కిన నలుగురి కథ పనికిరాదంటారు. వాళ్ల మాటే తీసుకుందాం. అప్పుడు ఓర్మ్ నలుగురికి ఐదోవాడు చేరతాడు తప్ప, ఆ నలుగురూ కరిగి ఒక్కడవరు. వెంట వచ్చినవాణ్ణి ఒప్పుకుంటే నాయకుడు చిన్నబోతాడన్న భయమే ఈ వాదనంతటికీ మూలమనిపిస్తుంది. పక్కన మరొకడు పొడుస్తుంటే, బయట ఇద్దరు తమ వంతు కోసం కాచుకుంటే పాపారాయుడి తెగువలో తరిగేదేముంది? డేరాలో అతని పక్కన పడ్డవాడు మన ఊరి కోసమే పడ్డాడు. బతికినవాళ్లు నోరు విప్పబట్టే ఆ రాత్రి కథ మనదాకా వచ్చింది. స్తంభం ముందు దండం పెట్టేటప్పుడు లెక్క సరిగా పెడదాం: నలుగురికి.