మగ్గం గుంటను మూట కట్టుకొని పోతామా?

1898 ఆగస్టులో హుబ్బళ్ళి నుంచి రైలు దారిన ప్లేగు బెంగళూరికి వచ్చింది. ఇరుకు సందుల పేటలో చాలామంది పోయారు. మైసూరు సర్కారు ఖజానా డబ్బుతో మల్లేశ్వరం, బసవనగుడి బడావణెలు త్వరగా పెరిగాయి. వెడల్పు వీధులు, మల్లేశ్వరంలో ఇళ్ళ వెనక పాయిఖానాలు శుభ్రం చేసేందుకు వేరే సందులు. పోగలిగినోళ్ళు పోయారు. మావాళ్ళు పోలేదు. "మగ్గం గుంటను మూట కట్టుకొని పోతామా?" అనేది మా అవ్వ.

నూరేళ్ళు దాటాక, 2005 డిసెంబరులో, నగరాల బాగుకని కేంద్రం నెహ్రూ పేరిట నర్మ్ పథకం తెచ్చింది. నలబై లక్షల జనం దాటిన బెంగళూరుకి ఖర్చులో అప్పట్లో కేంద్రం వాటా 35 శాతం, రాష్ట్రానిది 15గా ఉండేది. మిగతా సగం ఊరే తెచ్చుకోవాల్సి వచ్చేది. మైసూరికైతే కేంద్రానిదే 80 ఉండేది! పైగా డబ్బు నాలుగు కంతుల్లో. ఆస్తి పన్ను వసూలు పెంచాలి, కాలువలూ కొళాయిలూ నడిపే ఖర్చు చార్జీల్లోనే రాబట్టాలి అని షరతులు ఉండేవి. అంటే కట్టేదానికి గ్రాంటు, ఊడ్చేదానికి మనం. సర్కారు లెక్కలో ఇది తప్పు కాదేమో, కానీ చార్జీలు రాబట్టలేని పాత సందు ఎప్పుడూ వరుసలో చివరే అని మాకనిపిస్తుంది.

మా గుంట ఇప్పుడు పూడ్చేసినాం. వాన గట్టిగా పడితే కాలువ నీళ్ళు ఇంకా అక్కడికే వస్తాయి.