వింటికి వలయు వృక్షములు: మన మన్యము

నర్సీపట్నము దాటి చింతపల్లి దారిని ఘాటెక్కినవారికి మన్యము కానవచ్చును. మన్యమనగానే అల్లూరి సీతారామరాజుగారును, విల్లంబులును స్మృతికి వచ్చుట సహజము. విల్లు పట్టిన వీరులనుగూర్చి గ్రంథములు పెక్కు వెలసినవి. ఆ విల్లు ఏ చెట్టునుండి పుట్టునో విచారించినవారు మాత్రము అరుదు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆయుధాగారమును వర్ణించు ప్రకరణమందు తాటి, వెదురు, దారువు, కొమ్ము అను నాలుగును వింటికి మూలద్రవ్యములుగా చెప్పబడినవి. నారికి మూర్వ, జిల్లేడు, జనుము, వెదురు, స్నాయువు మొదలగునవి పేర్కొనబడినవి. 1781 మొదలు 1793 వరకు సామర్లకోటలో వృక్షశాస్త్ర పరిశోధన సాగించిన విలియం రాక్స్‌బరో, మూర్వ యనగా మన చాగయేనని గుర్తించెను. ఆంగ్లేయులు సైతము చాగకు వింటినారి జనుమను అర్థమిచ్చు పేరే పెట్టిరి.

విల్లు వంచినపుడు బయటివైపు సాగును, లోపలివైపు నొక్కుకొనును. ఈ రెంటికిని ఓర్చి, విడిచినంతనే యథాస్థితికి వచ్చు కలపయే వింటికి తగినది. వెదురునకు పైపొరయందే నార దట్టముగా నుండును. కావున ఆ పొరను చెక్కివేయక బయటివైపు నుంచవలెను. తాటిమ్రాను నడుమ మెత్తన, అంచున చేవ. పెక్కు వృక్షములకు చేవ లోపలనుండగా తాటికి వెలుపలనుండుట విశేషము.

ఇక దారువు మాట. వైద్యనిఘంటువులలో ధన్వంగమను చెట్టునకు ధనుర్వృక్షమనునది పర్యాయపదము. పండితులు దానిని మన కొండలలోని చరచిగా గుర్తించిరి. ఆకు మొదట హృదయాకారమై ఒకవైపునకు ఒరిగియుండును. అంచున రంపపుపళ్లవంటి గంట్లు. పూలు పసుపుపచ్చన, చిన్నవి. బఠాణీగింజంత కాయలు పండి నల్లబడి తినుటకు పనికివచ్చును. పట్టనార త్రాళ్లకు, కలప కావడిబద్దలకు, బండిపోలులకు, పనిముట్ల పిడులకు ఉపయోగింతురు. బరువునకు వంగి విరుగని కావడిబద్దయే దాని ధనుర్నామమునకు చాలిన సాక్ష్యము. అయినను మన్యపు విండ్లలో విస్తారమైనది వెదురే. చేరువనే దొరకుట, చీల్చుటకు సులువగుట అందులకు కారణములు.

1882 సంవత్సరపు మద్రాసు అటవీచట్టముతో అడవులు రిజర్వులైనవి. తాతలనాటినుండి కొట్టుకొను కలప అనుమతి లేనిదే కొట్టరాని సొత్తయ్యెను, పోడు కట్టుబడెను. ఈ ఆంక్షలును, రోడ్డుపనుల వెట్టియు 1922 నాటి పితూరీకి హేతువులైనవి. ఆ యేడు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై దాడులు జరిగినవి. వారు అచట కోరి తీసికొన్నవి తుపాకులు, మందుగుండు. వింటి మహిమను కీర్తించు మనము ఈ సత్యమును మరువరాదు: విల్లు వేటకు చాలినది, సర్కారు సేనకు చాలదని వారెరిగియుండిరి. 1924 మే 7న రాజుగారు కొయ్యూరున అసువులు బాసిరి. సమాధి కృష్ణదేవిపేటలో నున్నది.

1972 వన్యప్రాణి సంరక్షణచట్టముతో వేట నిషిద్ధమై వింటికి పని తగ్గెను. 2006 అటవీహక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయములలో చేర్చి గిరిజనుల హక్కును అంగీకరించెను. వెదురుపై హక్కు వచ్చినది. ఏ వెదురు ఏ ఋతువున నరకవలెనో, ఏ కలప వంగునో, ఏది విరుగునో తెలిసిన వృద్ధులు మాత్రము తరిగిపోవుచున్నారు.

గ్రంథములలో పేర్లున్నవి, చెట్లు లేవు. కొండపై చెట్లున్నవి, వాని గుణములు వ్రాసియుంచిన గ్రంథము లేదు. ఈ రెంటిని కలుపుట గ్రంథాలయమునకు తగిన కార్యము. కొండదిగి సంతకు వచ్చు పెద్దలనడిగి, చెట్టు పేరు, ఆకు, కలప గుణము, వాడుక ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, రజతోత్సవమునకు అంతకు మించిన కానుక యుండదు.