అకశేరుకాల శరీర నిర్మాణం

వెన్నెముక లేని జంతువులన్నిటినీ కలిపి అకశేరుకాలు అంటారు. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లామార్క్ 1801లో వీటిపై ప్రత్యేక గ్రంథం వెలువరించిన తరువాత ఈ విభజన స్థిరపడినా, ఇది ఒకే వంశానికి చెందిన జీవుల వర్గం కాదు. ఇప్పటివరకు వర్ణించిన జంతుజాతుల్లో 95 శాతానికి పైగా ఇందులోనే చేరతాయి. శరీర సౌష్ఠవం, పిండంలో ఏర్పడే కణస్తరాల సంఖ్య, దేహకుడ్యానికీ ఆహారనాళానికీ నడుమ ఉండే శరీరకుహరం, దేహం ఖండాలుగా విడిపోవడం అనే లక్షణాలను బట్టి జంతుశాస్త్రం వీటిని వర్గీకరిస్తూ వచ్చింది.

స్పంజికల్లో నిజమైన కణజాలాలు గాని, నోరు గాని ఉండవు. దేహమంతటా ఉన్న సన్నని రంధ్రాల గుండా నీరు లోపలికి వస్తే, కొరడాల వంటి కశాభాలు గల కాలర్ కణాలు ఆ ప్రవాహాన్ని నడిపిస్తూ అందులోని ఆహారకణాలను పట్టుకుంటాయి. జెల్లీ చేపలు, పగడపు జీవులు చేరే నిడేరియా వర్గంలో రెండు కణస్తరాలు, వాటి మధ్య జిగురు వంటి పొర ఉంటాయి. దేహభాగాలు కేంద్రం చుట్టూ అమరిన వలయ సౌష్ఠవం కన్నా, విషపు దారాన్ని విసిరే దంశకణాలే ఈ వర్గానికి అసలైన గుర్తు.

కుడి ఎడమలు సమానంగా ఉండే ద్విపార్శ్వ సౌష్ఠవం, మూడు కణస్తరాలు బల్లపరుపు పురుగుల్లో స్పష్టంగా కనిపిస్తాయి. వీటికి శరీరకుహరం గాని రక్తప్రసరణ గాని లేనందున ఆమ్లజని చర్మం గుండానే ప్రతి కణానికీ చేరాలి. దేహం పలచగా ఉండక తప్పదు. ఈ వర్గానికే చెంది పేగుల్లో నివసించే బద్దెపురుగుకు ఆహారనాళమే లేదు.

గుండ్రటి పురుగులకూ వానపాములకూ పైకి పోలిక కనిపించినా కదలికలో ఎంతో తేడా ఉంది. ఏలికపాము, నారికురుపు పురుగు వంటి నిమటోడా జీవుల్లో కండరాలు నిలువుగా మాత్రమే సాగి, కుహరంలోని ద్రవం అధిక పీడనంతో ఉండటం వల్ల అవి అటూ ఇటూ వంకరలు తిరుగుతూ కదులుతాయి. వానపాములో వలయ కండరాలు కూడా ఉండి, అడ్డుగోడలు ప్రతి ఖండాన్నీ విడి ద్రవకోశంగా మార్చడం వల్ల, ఒక భాగం సన్నబడి ముందుకు సాగుతుంటే మరొక భాగం లావెక్కి నేలను పట్టుకుంటుంది. గట్టి మట్టిని తొలుచుకుపోయే శక్తి దీని నుంచే వచ్చింది.

పది లక్షలకు పైగా వర్ణిత జాతులున్న ఆర్థ్రోపోడా వర్గంలో ఖండిత దేహానికి కైటిన్‌తో తయారైన బాహ్య కవచం, కీళ్ల కాళ్లు తోడయ్యాయి. కవచం పెరగదు కనుక ఎదుగుదలకు నిర్మోచనం, అంటే పాత పెంకును విడిచిపెట్టడం తప్పనిసరి. కొత్త పెంకు గట్టిపడని రొయ్యను తోటి రొయ్యలే తినేస్తాయని కోస్తా చెరువుల రైతులకు బాగా తెలుసు. దేహఖండాలను చూసి వానపాములనూ కీటకాలనూ దగ్గరి బంధువులుగా భావించిన ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త క్యూవియే వర్గీకరణ శతాబ్దానికి పైగా నిలిచింది. 1997లో ప్రచురితమైన రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువుల పరిశీలన, నిర్మోచనం జరుపుకునే నిమటోడాలనూ ఆర్థ్రోపోడాలనూ ఒక శాఖలోకి చేర్చగా, వానపాములు నత్తల పక్కన నిలిచాయి. వానపాముల వర్గానికే చెందిన సముద్రపు వలయపురుగుల్లోనూ, నత్తలు చేరే మొలస్కాల్లోనూ ఒకే తీరు డింభకం, అంటే తొలిదశ పిల్ల, కనిపించడం ఈ బంధుత్వానికి అనుగుణంగానే ఉంది.

మొలస్కాల్లో కండర పాదం, అవయవాల ముద్ద, దానిని కప్పుతూ పెంకును స్రవించే ప్రావారం ఉంటాయి. నత్తలో పాదం పాకడానికి ఉపయోగపడితే, అదే భాగం నుంచి ఆక్టోపస్‌లో చేతులు రూపొందాయి.

సముద్రతారలు, సముద్రపు ఉర్చిన్లు గల ఇకైనోడెర్మేటా వర్గం వీటన్నిటికన్నా ఆశ్చర్యం కలిగిస్తుంది. ద్విపార్శ్వ సౌష్ఠవంతో ఈదే డింభకం రూపవిక్రియలో ఐదు వైపులకు అమరిన దేహంగా మారుతుంది. జంతుప్రపంచంలో ఇంతటి మార్పు అరుదు. చర్మం కింద సున్నపు ఫలకాల అస్థిపంజరం, నీటి పీడనంతో పనిచేసే నాళికాపాదాలు వీటి ప్రత్యేకతలు. పిండంలో మొదట ఏర్పడే రంధ్రం వీటిలో పాయువుగా మారి, నోరు తరువాత వేరుగా తెరుచుకుంటుంది. వెన్నెముక గల జంతువుల్లోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. అందువల్ల వలయాకారంలో జెల్లీ చేపను తలపించే సముద్రతార, వంశపరంగా కీటకం కన్నా మనిషికే దగ్గరిది. ఈ వర్గంలోనే ఉన్న సముద్ర దోసకాయ, ఒక పక్కకు ఒరిగి నేలమీద పాకే జీవనానికి అలవాటుపడి, పైకి చూస్తే మళ్లీ ద్విపార్శ్వ సౌష్ఠవానికే వచ్చింది.