మృతుని బాకీ – వితంతువు హక్కు: మద్రాసు ప్రెసిడెన్సీలో రుణ వసూలు చట్టాలు

ధర్మశాస్త్రాలు చెప్పిన వ్యవహారపదాలలో ఋణాదానం మొదటిది. విజ్ఞానేశ్వరుని మార్గాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చాడు. అయితే ఆ స్మృతులు తండ్రి చేసిన అప్పును కొడుకు తీర్చడం గురించి చెప్పినంతగా, అప్పిచ్చి మరణించినవాని కుటుంబం దానిని రాబట్టుకోవడం గురించి చెప్పలేదు. ఆ చిక్కు కంపెనీ, బ్రిటిషు న్యాయస్థానాల కాలంలో ప్రముఖమైంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 రెగ్యులేషను ప్రకారం దావాకు 12 సంవత్సరాల గడువుండేది. 1859 చట్టం మామూలు చేబదులుకు దానిని 3 సంవత్సరాలకు కుదించింది. ఒకసారి మొదలైన గడువు రుణదాత మరణంతో ఆగదు. కర్మకాండలు, దాయాదుల తగాదాలు ముగిసేసరికే నోటుకు కాలదోషం పట్టే ప్రమాదం ఉండేది. గడువు లోపల నోటు వెనుక బాకీదారు స్వదస్తూరీతో చెల్లు వేయించుకోవడమే దీనికి విరుగుడు. కాని అందుకు బాకీదారు మనసు రావాలి కదా!

రెండవ అడ్డంకి వారసత్వ ధ్రువపత్రం. బాకీదారు ఒకరికి చెల్లించిన తరువాత మరొక వారసుడు వచ్చి అడగకుండా కాపాడడమే దీని ఉద్దేశం. 1860 నాటి 27వ చట్టం దీనిని కోరినా, బాకీదారు మోసబుద్ధితో ఎగవేస్తున్నాడని తోస్తే ధ్రువపత్రం లేకుండానే తీర్పు ఇచ్చే అధికారాన్ని కోర్టుకు మిగిల్చింది. 1889 నాటి 7వ చట్టం ఆ వెసులుబాటు తీసివేసింది. పైగా బాకీ మొత్తంపై నూటికి 2 రూపాయల రుసుము పడింది. వసూలవుతుందో లేదో తెలియని సొమ్ముకు ముందే రుసుము కట్టవలసి రావడం పేదవారికి భారమే.

ఈ భారం అందరిపై సమానంగా లేదు. ఉమ్మడి కుటుంబ ధనంతో ఇచ్చిన అప్పు ఉత్తరజీవిత హక్కు వల్ల మిగిలిన పురుష సభ్యులకు చెందేది. వారికి ధ్రువపత్రం అక్కరలేదు. అటువంటి కుటుంబంలో వితంతువుకు మనోవర్తి తప్ప ఆ బాకీలో వాటా లేదు. భర్త వేరుపడి, పుత్రసంతానం లేక మరణించినప్పుడే ఆమె వారసురాలు. అప్పుడు ధ్రువపత్రం తప్పనిసరి.

1938లో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం పరిస్థితిని మరో మలుపు తిప్పింది. 1932 అక్టోబరు 1కి ముందు రైతులు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దయింది. అసలుకు రెట్టింపు చెల్లించి ఉంటే అప్పే తీరిపోయింది. రైతుకు ఇది ప్రాణదానం. భర్త మిగిల్చిన నోట్ల వడ్డీతో బ్రతికే స్త్రీ సంగతి కూడా శాసనకర్తలు తలచకపోలేదు: వేరే ఆస్తి లేని స్త్రీకి రావలసిన అప్పుల అసలు 3,000 రూపాయలు మించకపోతే చట్టం వాటిని ముట్టదు.